పొలం అమ్మొద్దు, పోస్టాఫీసుకు వేరే దారి ఉంది

ప్రశ్న: సార్, మాది హిందూపురం దగ్గర పల్లె. వయసు 25, బీసీ. బీకాం అయిపోయింది. టెన్త్‌ 2016లో పాసయ్యాను, జీపీఏ 8.7. నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ పార్సిల్ డెలివరీ చేస్తున్నా. ఇలా ఎన్నాళ్లని ఇంట్లో బెంగ. పోస్ట్‌మన్ ఉద్యోగం వస్తే ఇదే తిరుగుడు పని గౌరవంగా చేసుకోవచ్చని నా ఆశ. మా పీజీలో ఒకాయన ద్వారా పరిచయమైన మనిషి, మూడున్నర లక్షలిస్తే బెంగళూరులోనే డైరెక్ట్ పోస్ట్‌మన్ పోస్టింగ్ ఇప్పిస్తానంటున్నాడు. పదిహేను వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మిగతా డబ్బు కోసం నాన్న ఎకరా పొలం అమ్ముతానంటున్నాడు. కన్నడం మాట్లాడతాను గానీ చదవడం రాదు. డబ్బు కట్టవచ్చా? అసలు పోస్ట్‌మన్ ఎలా అవుతారు? — పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి పొలం బేరం ఆపమనండి. తక్కినదంతా నింపాదిగా మాట్లాడుకుందాం.

‘డైరెక్ట్ పోస్ట్‌మన్ పోస్టింగ్’ అని ఎవరైనా డబ్బు అడిగారంటే అక్కడితో ఆ మాట వదిలేయండి. ఈ రోజుల్లో పోస్ట్‌మన్ అయ్యేవాళ్లు చాలావరకు శాఖ లోపలి నుంచే వస్తున్నారు. ముందు గ్రామీణ డాక్ సేవక్‌గా, అంటే అందరూ జీడీఎస్ అనే ఉద్యోగంలో చేరతారు. కొన్నేళ్ల సర్వీసు అయ్యాక డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసి పోస్ట్‌మన్ అవుతారు. బయటివాళ్లకు నేరుగా ఇచ్చేది అరుదు. 2023లో తపాలా శాఖ 1,899 పోస్టులకు బయటి అభ్యర్థులను పిలిచింది, వాటిలో పోస్ట్‌మన్ పోస్టులూ ఉన్నాయి, కానీ అదంతా క్రీడాకారుల కోటా. యూట్యూబ్‌లో కొన్నేళ్లుగా ‘98,083 పోస్టులు’ అని తిరుగుతున్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది ఖాళీల నోటిఫికేషన్ కాదు. దాన్ని చూపించి దరఖాస్తు ఫీజులు గుంజినవాళ్లు ఎందరో.

కాబట్టి మీరు అడగాల్సిన అసలు ప్రశ్న, జీడీఎస్ ఎలా వస్తుంది, అది మీకు తగినదేనా అన్నది. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది తెలియక మోసపోతున్నారు.

జీడీఎస్‌కు పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులే మొత్తం కథ. ఇంటర్, డిగ్రీ ఎంత బాగా చదివినా అదనంగా ఒక్క పాయింటు కలవదు. గణితం, ఇంగ్లీషు పాసై ఉండాలి. వయసు 18 నుంచి 40 వరకు, ఓబీసీలకు మరో మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. సైకిల్ తొక్కడం రావాలి, బండి నడిపితే అదీ చాలు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజు 100 రూపాయలు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు. దరఖాస్తుల గడువు ముగిశాక కంప్యూటరే మార్కుల వరసన జాబితా తీస్తుంది. మీ పదో తరగతి మార్కులు 2016లోనే తేలిపోయాయి. మూడున్నర లక్షలు అడిగిన మనిషి వాటిని ఇప్పుడు మార్చలేడు. మారుస్తానని దొంగ మెమో చేతిలో పెడితే ఇంకా ప్రమాదం. శాఖ ఆ మెమోను బోర్డుకు పంపి సరిచూసుకుంటుంది. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు మీ పేరు మీద పడుతుంది.

మీ మెమోలో మార్కులు లేకుండా జీపీఏ ఒక్కటే ఉంటుంది. దాన్ని 9.5తో గుణిస్తారు. 8.7 అంటే 82.65 శాతం. ఇక్కడ మీ తరం వాళ్లకు ఒక చిక్కు ఉంది. ఆంధ్రాలో జీపీఏ పద్ధతిలో పదికి పది తెచ్చుకున్నవాళ్లకు కూడా లెక్కలో 95 కన్నా ఎక్కువ రాదు. 2022 నుంచి మళ్లీ మార్కులు ఇస్తున్నారు కాబట్టి ఆ తర్వాతి పిల్లలు 97, 98తో వచ్చి ముందు నిలబడుతున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఓసీ, బీసీల మొదటి జాబితాలు తరచూ 95 పైనే ఆగుతాయి. తర్వాత విడతల్లో వచ్చే జాబితాల్లో కొంత దిగుతుంది, మారుమూల పోస్టులకు ఇంకాస్త దిగుతుంది. అయినా 82.65తో మొదటి జాబితాలో పేరు వస్తుందని మీకు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. దరఖాస్తు మాత్రం తప్పకుండా పెట్టండి. వంద రూపాయల పని, పోయేదేమీ లేదు.

ఇక బెంగళూరు సంగతి. జీడీఎస్‌లో మీ కోరికకు పెద్ద అడ్డం ఇదే. పోస్టు ఏ సర్కిల్‌లో, అంటే తపాలా శాఖ రాష్ట్రస్థాయి విభాగంలో ఉందో ఆ ప్రాంత భాషను పదో తరగతి దాకా సబ్జెక్టుగా చదివి ఉండాలి. కర్ణాటకలో కన్నడం, తమిళనాడులో తమిళం, మన రెండు రాష్ట్రాల్లో తెలుగు. మీరు కన్నడం ధారాళంగా మాట్లాడినా, మెమోలో కన్నడం లేకపోతే బెంగళూరు ఈస్ట్, వెస్ట్, సౌత్ డివిజన్లలో ఏ పోస్టుకూ మీ పేరు చెల్లదు. ఇదే మాట బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు తిప్పి చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో కన్నడం చదివారు కాబట్టి వాళ్లకు కర్ణాటక సర్కిలే సరైన చోటు, ఆంధ్రాలో పెడితే తిరస్కరిస్తారు. మడకశిర వైపు కన్నడ మీడియం బడులు ఉన్నాయి. అక్కడ చదివిన మీ స్నేహితులు ఎవరైనా ఉంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి, చాలామందికి తెలియదు.

భాష నియమం మనల్ని అడ్డుకోవడానికి పెట్టినదని అనుకోవద్దు. ఉత్తరం మీద చిరునామా చదవలేని మనిషి, ముసలివాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడలేని మనిషి పల్లెలో ఏం పంపిణీ చేస్తాడు? 2019 జూలైలో తపాలా పరీక్షను ఇంగ్లీషు, హిందీల్లోనే పెడితే తమిళనాడు ఎంపీలు రాజ్యసభను స్తంభింపజేశారు, కేంద్రం ఆ పరీక్షను రద్దు చేసింది. ఆ గొడవలో న్యాయం ఉందనే నా నమ్మకం.

అంటే మీరు జీడీఎస్‌కు పెట్టాల్సింది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో. ఒక నోటిఫికేషన్‌లో ఒకే డివిజన్ ఎంచుకోవాలి, అందులో ఎన్ని పోస్టులకైనా వరసగా ప్రాధాన్యం ఇవ్వవచ్చు. హిందూపురం డివిజన్ ఖాళీల పట్టిక తెరిచి, ఓబీసీకి కేటాయించినవీ, ఎవరైనా పోటీ పడగల జనరల్‌వీ రెండూ చూడండి. రోడ్డు పక్క ఊళ్లకు అందరూ పెడతారు. లోపలి ఊళ్లను వదిలిపెట్టకండి.

ఇప్పుడు అది ఎలాంటి ఉద్యోగమో వినండి. పేరు విని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అనుకుని చేరి, జీతం చూసి మానేసినవాళ్లను నేను ఎరుగుదును. రోజుకు నాలుగైదు గంటల పని. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు, అంటే బీపీఎంకు నెలకు 12,000తో, అసిస్టెంట్ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు, అంటే ఏబీపీఎంకు, డాక్ సేవక్‌కు 10,000తో మొదలు. దాని మీద కేంద్ర ఉద్యోగులకు ఇచ్చే కరువు భత్యమే ఇస్తారు. 2025 జూలై నాటి 58 శాతం లెక్కన బీపీఎంకు 18,960, మిగతావాళ్లకు 15,800, కోతలకు ముందు. ఏటా మూడు శాతం పెరుగుతుంది. 65 ఏళ్ల దాకా చేయవచ్చు. కానీ రెగ్యులర్ ప్రభుత్వోద్యోగి హోదా లేదు, వాళ్లకొచ్చే ఇంటద్దె భత్యం, పెన్షన్ లేవు. బీపీఎం అయితే ఆ ఊళ్లోనే కాపురం ఉండాలి, ఆఫీసు పెట్టుకోవడానికి గది కూడా తానే చూపించాలి.

నియమాల్లో ఇంకొక మాట స్పష్టంగా రాసి ఉంది. జీడీఎస్‌లో చేరే మనిషికి తననూ కుటుంబాన్నీ పోషించుకోవడానికి వేరే జీవనాధారం ఉండి తీరాలి. అంటే శాఖే చెబుతోంది, ఈ డబ్బు ఒక్కదాని మీద బతకవద్దని. మీ ఇంట్లో ఆ వేరే ఆధారం ఏది? ఆ పొలమే. పొలం చూసుకుంటూ పూట పని చేసుకునే మనిషి కోసం పెట్టిన ఉద్యోగానికి, పొలం అమ్మి వెళ్లాలనుకుంటున్నారు మీరు. ఈ ముక్క మీ నాన్నగారికి చదివి వినిపించండి.

పని మాత్రం మంచి పని. పల్లె బ్రాంచ్ ఆఫీసు చాలాచోట్ల ఒక్క గదే. టేబులు, తూకం, తేదీ ముద్ర, ఒక ఫోను. పై ఆఫీసు నుంచి సంచి వస్తుంది. సీలు విప్పి, లోపలి చీటీతో ఒక్కొక్కటే సరిచూసుకుని, ముద్ర కొట్టి, వీధుల వరసన పేర్చుకుని బయల్దేరతారు. ఉత్తరాలు తగ్గాయి, డబ్బు పని పెరిగింది. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలైంది, ఆ తర్వాతి కాలంలో పోస్టు మనిషి ఇంటి గుమ్మంలోనే ఆధార్‌తో డబ్బు తీసి ఇవ్వగలుగుతున్నాడు. ఒక ముసలమ్మ వేలు పెడుతుంది, యంత్రం తీసుకోదు. కూలి పనికి అరిగిపోయిన వేళ్లు. తడిగుడ్డతో తుడిచి, ఉంగరపు వేలు, ఆపైన రెండో చెయ్యి, మళ్లీ మొదటిది. ఓపికగా నిలబడితే ఎప్పటికో పచ్చగా ‘విజయవంతం’ అని వస్తుంది. ఆ ఐదు వందల కోసం ఆమె పొద్దుటి నుంచి ఎదురు చూసి ఉంటుంది. ఈ పని మీద మనసున్నవాడు చేస్తే ఊళ్లో వచ్చే గౌరవం చాలా పెద్దది. దానితోపాటే ఖాతాలు తెరిపించాలి, గ్రామీణ తపాలా జీవిత బీమా పాలసీలు చేయించాలి అంటూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. అదీ తెలిసి చేరండి.

జీడీఎస్ నుంచి పోస్ట్‌మన్ అయితే అది రెగ్యులర్ ఉద్యోగం. మూల వేతనం 21,700తో మొదలవుతుంది. కానీ ఆంధ్రాలో చేరితే ఆ ప్రమోషన్లూ మామూలుగా ఆ సర్కిల్‌లోనే. బెంగళూరు వీధుల్లో ఖాకీ చొక్కా వేసుకోవాలన్న మీ కోరిక ఈ దారిలో తీరడం కష్టం.

అందుకే మీకు నేను గట్టిగా చెప్పేది రెండో దారి. మీరు డిగ్రీ పాసయ్యారు, ఆ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే పోస్టల్ అసిస్టెంట్, మెయిల్ కార్యాలయంలో ఉండే సార్టింగ్ అసిస్టెంట్ పోస్టులు ఇప్పుడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే కంబైండ్ గ్రాడ్యుయేట్ లెవెల్, అంటే సీజీఎల్ పరీక్షలో ఉన్నాయి. డిగ్రీ చాలు, ఏ డిగ్రీ అయినా సరే. వయసు 18 నుంచి 27, ఓబీసీకి 30 వరకు. అదే పరీక్షలో తపాలా ఇన్‌స్పెక్టర్ పోస్టు కూడా ఉంది, దానికి 30, ఓబీసీకి 33. అంటే మీకు ఇంకా సమయం ఉంది, ఊరికే పోగొట్టుకునేంత లేదు.

జీతం తేడా చూడండి. పోస్టల్ అసిస్టెంట్ మూల వేతనం 25,500. దానిపై 58 శాతం కరువు భత్యం 14,790. బెంగళూరు, చెన్నై లాంటి పెద్ద నగరంలో ఇంటద్దె భత్యం 30 శాతం, అంటే 7,650. మొత్తం 47,940, ప్రయాణ భత్యం వేరే. ఇన్‌స్పెక్టర్‌కు మూల వేతనమే 44,900. పోస్టింగ్ మీ ర్యాంకును, ఖాళీలను బట్టి ఎక్కడైనా పడవచ్చు, బెంగళూరే ఇస్తారని హామీ లేదు. కర్ణాటక వస్తే అప్పటికి కన్నడ లిపి చేతిలో ఉండాలి. తెలుగు చదివే కంటికి కన్నడ అక్షరం పరాయిది కాదు, బస్సు బోర్డులు చదవడంతో ఇవాళే మొదలుపెట్టండి.

ఈ పరీక్ష తేలిక అని చెప్పను. మొదటి అంచెలో గంటలో 100 ప్రశ్నలు, ఒక్కో దానికి రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్. రెండో అంచెలో ఇవే ఇంకా లోతుగా, వాటికి తోడు కంప్యూటరు, టైపింగ్. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది, తెలుగులో ఉండదు. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే భయపడి వెనక్కి పోతారు. మీరు ఇంగ్లీషుతోనే మొదలుపెట్టండి, లెక్కలతో కాదు. బీకాం చదివిన మనిషికి శాతాలు, వడ్డీ, లాభనష్టాలు మళ్లీ పట్టుబడతాయి. ఇంగ్లీషు చదివే వేగం రాకపోతే లెక్క వచ్చినా ప్రశ్న అర్థమయ్యేలోపు గంట అయిపోతుంది. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు పత్రిక, పాత ప్రశ్నపత్రం నుంచి కొన్ని ప్రశ్నలు గడియారం పెట్టుకుని. డెలివరీ పని చేసి వచ్చాక ఒళ్లు సహకరించదు, నాకు తెలుసు. పొద్దున బండి తీయకముందు గంటన్నర చదవండి. పీజీలో కుదరకపోతే సెలవు రోజున కబ్బన్ పార్కులోని ఎర్ర రంగు సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు అక్కడ చాలామంది కనబడతారు. మూడున్నర లక్షల్లో పదో వంతు పెట్టినా పుస్తకాలు, మాక్ టెస్టులు, నాలుగు నెలలు సగం షిఫ్టు చేసుకునే వెసులుబాటు వస్తాయి. నాన్నగారు సాయం చేస్తానంటే అంతవరకు తీసుకోండి.

హెవీ లైసెన్సు ఉన్నవాళ్లకు ఇంకో చిన్న దారి ఉంది. తపాలా శాఖ మెయిల్ మోటార్ సర్వీసులో డ్రైవర్లను అప్పుడప్పుడు నేరుగా తీసుకుంటారు. పదో తరగతి, లైట్, హెవీ లైసెన్సులు, మూడేళ్ల అనుభవం అడుగుతారు. మూల వేతనం 19,900. మీకు బైకు లైసెన్సే ఉంటే ఇది పక్కన పెట్టండి.

ఈ వారంలో చేయాల్సినవి. టెన్త్ మెమో ఒరిజినల్ ఎక్కడుందో చూసుకోండి, పేరులో, తండ్రి పేరులో, పుట్టిన తేదీలో ఆధార్‌తో అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసి, కేంద్ర ఉద్యోగాల నమూనాలో నాన్‌క్రీమీ లేయర్ పత్రం, అంటే సంపన్న వర్గం కాదనే పత్రం కావాలని ఊరి సచివాలయంలో, తహసీల్దారు ఆఫీసులో అడగండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే అది సమయానికి రాదు. దరఖాస్తు పెట్టేటప్పుడు మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటరువాడు తొందరలో తన నంబరు కొట్టేస్తాడు, ఎంపికైన సందేశం అతనికి పోతుంది, డాక్యుమెంట్ల పరిశీలన తేదీ దాటాక మీకు తెలుస్తుంది. ఇలా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు. వెబ్‌సైటు చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ లేకపోతే దాన్ని మూసేయండి. ఒకే నోటిఫికేషన్‌కు రెండు నంబర్లతో రెండు సార్లు నమోదు చేసుకోకండి, రెండూ పోతాయి.

ఇక మీరిచ్చిన పదిహేను వేలు. ఆ మనిషికి ఇంకో రూపాయి ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవైనా అతని దగ్గర పెట్టారా? ఉత్తరంలో రాయలేదు. పెట్టి ఉంటే గొడవ పడకుండా ముందు అవి తెచ్చుకోండి, బ్యాంకు లోనుకు కావాలని చెప్పినా పర్వాలేదు. వాట్సాప్ మాటలు, ఫోన్‌పే రసీదు, అతని నంబరు ఫొటోలు తీసి ఇంకొకరి ఫోనులో కూడా దాచండి. ఆ తర్వాత డబ్బు తిరిగి అడగండి. ఇవ్వకపోతే మారతహళ్లి పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు అయితే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ కింద కూడా నమోదు చేయించవచ్చు, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ పీజీలో ఇంకెంతమంది కట్టారో కనుక్కోండి. నలుగురు కలిసి వెళ్తే స్టేషన్లో మాట వింటారు.